బ్రిటన్ ప్రభుత్వ వైద్యంలో మెదడు రక్తనాళాల శస్త్రచికిత్స ఎలా ఎదిగింది? మన జిల్లాల్లో క్లిప్పింగ్ పాతబడిన వైద్యమా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకొంటాను. తాడిపత్రిలో ఉండే మీ చిన్నమ్మ గారికి ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చింది. స్కానులో మెదడు చుట్టూ రక్తం, కుడివైపు మధ్య మెదడు ధమని చీలే చోట ఏడు మిల్లీమీటర్ల బుడగ, కణత భాగంలో గడ్డకట్టిన రక్తం కనిపించాయి. కర్నూలులో సర్జన్ పుర్రె తెరిచి, బుడగలోకి రక్తం పోకుండా దాని మెడకు చిన్న లోహపు క్లిప్పు వేశారు. ఆమె కోలుకుంటున్నారు. అయితే ఇంగ్లండ్‌లో ఉండే మీ బావమరిది "ఇక్కడ ప్రభుత్వాసుపత్రుల్లో తల తెరవడమే మానేశారు, తొడ నుంచి సన్నని గొట్టం పంపి బుడగలో సన్నని తీగ చుట్ట, అంటే కాయిల్ పెడతారు, అదీ పైసా ఖర్చు లేకుండా" అన్నారు. మనం పాత వైద్యం చేయించామా, అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో ఈ చికిత్స అంత ముందుకు ఎలా పోయింది, మన దగ్గర ఎందుకు ఆగిపోయింది అని మీరు అడిగారు.

మీరు పాత వైద్యం చేయించలేదు. మీరు రాసిన స్కాను వివరాలను బట్టి చూస్తే, అదే రోగి బ్రిటన్‌లోని న్యూరోసర్జరీ కేంద్రానికి చేరినా తల తెరిచి, గడ్డను తీసి, క్లిప్పు వేసే అవకాశమే ఎక్కువ. ఇక రెండో ప్రశ్న. బ్రిటన్‌లో ఈ శాఖ ఎదగడానికి అసలు కారణం యంత్రాలు కావు, డబ్బు కూడా కాదు. దేశంలోని రోగులందరూ కొద్ది కేంద్రాలకే చేరే ఏర్పాటు అక్కడ ఉంది. ఆ కేంద్రాలు తమ చికిత్సలను తామే పరీక్షకు నిలబెట్టి, ఫలితాలను ఏళ్ళ తరబడి లెక్క కట్టాయి. మనకు లోటుగా ఉన్నది అదే అని నా గట్టి అభిప్రాయం. దానికి కారణాలను కింద వివరిస్తాను.

నేను న్యూరోసర్జన్‌ని. శిక్షణలో కొంత భాగం బ్రిటన్ ప్రభుత్వాసుపత్రిలో గడిచింది, మిగిలిన వృత్తి జీవితమంతా కర్నూలులోనే సాగింది. మా దగ్గరికి కర్నూలు, నంద్యాల, అనంతపురం వాళ్ళే కాక గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. విషయంలోకి వెళ్ళే ముందు అన్యూరిజం అంటే ఏమిటో ఒక మాట. బలహీనపడిన చోట సైకిలు ట్యూబు ఉబ్బినట్టు, మెదడు అడుగున ధమనులు చీలే చోట గోడ ఉబ్బి బుడగగా మారుతుంది. పెద్దవారిలో నూటికి ముగ్గురికి అలాంటి బుడగ ఉంటుందని అంచనా. వారిలో ఎక్కువమందికి అది జీవితాంతం పగలదు. పగిలితే మాత్రం మెదడు పొరల మధ్యకు రక్తం చేరుతుంది. దెబ్బ తగలకుండా వచ్చే ఈ రకం రక్తస్రావాల్లో నూటికి 85 దాకా అన్యూరిజం వల్ల వచ్చేవే. మొదటిసారి పగిలి బతికిన మనిషికి పెద్ద ముప్పు అది రెండోసారి పగలడం. ఆ ముప్పు మొదటి రోజు అన్నిటికన్నా ఎక్కువ. ఈ శస్త్రచికిత్స చరిత్ర మొత్తం ఆ రెండో రక్తస్రావాన్ని ఆపడానికి జరిగిన ప్రయత్నమే.

ఆ ప్రయత్నం బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ పుట్టకముందే మొదలైంది. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు ధమనుల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని కనిపెట్టాడు. 1931లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ పదే పదే రక్తస్రావమవుతున్న ఒక రోగి తల తెరిచి, పగిలిన బుడగ మీద ఆ రోగి తొడ కండరం ముక్కలనే అదిమిపెట్టి రక్తాన్ని ఆపాడు. అప్పటికి ఆయన చేతిలో ఆ రంగు మందు ఎక్స్‌రే, అంటే యాంజియోగ్రామ్ లేదు. రోగి లక్షణాలను బట్టి బుడగ ఎక్కడుందో ఊహించి కత్తి పట్టాడు, రోగి బతికాడు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ బుడగ మెడకు వెండి క్లిప్పు వేశాడు. మీ చిన్నమ్మ గారికి వేసిన టైటానియం క్లిప్పు ఆ వరుసలోదే. ఇవన్నీ గొప్ప పనులే, కానీ ఒక్కొక్క సర్జన్ నేర్పుకు సంబంధించిన పనులు. వాటి ఫలం ఊళ్ళలోని మామూలు మనిషి వరకు రాలేదు.

1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక పరిస్థితి మారింది. న్యూరోసర్జరీని ప్రతి పట్టణంలో పెట్టకుండా, ఒక్కో ప్రాంతానికి ఒక్కో కేంద్రం ఉండాలన్న ఆలోచన బలపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో హ్యూ కెయిర్న్స్, మాంచెస్టర్‌లో జెఫ్రీ జెఫర్సన్ వంటి పెద్దలు వేసిన పునాది మీద ఈ ప్రాంతీయ విభాగాలు పెరిగాయి. ఈనాటికీ ఇంగ్లండ్ మొత్తానికి పెద్దవారి న్యూరోసర్జరీ కేంద్రాలు సుమారు రెండు డజన్లే. ఊరికొక ప్రైవేటు న్యూరో బోర్డు చూసే మనకు ఇది కొరతలా కనిపిస్తుంది. నేను అక్కడ పనిచేసినప్పుడు అర్థమైంది వేరు. ఒక కేంద్రానికి లక్షల జనాభా నుంచి రోగులు వస్తుంటే అక్కడి సర్జన్, మత్తు వైద్యుడు, నర్సు, రేడియాలజిస్టు అందరూ ఈ జబ్బును తరచుగా చూస్తారు. అన్యూరిజం సర్జరీలో ఆ తరచుదనమే రోగి ప్రాణాన్ని కాపాడుతుంది. ఏడాదికి ఒకటో రెండో క్లిప్పులు వేసే చోట ఎంత తెలివైన సర్జనైనా చేతికి అలవాటు నిలవదు. ఇది చాలా దేశాల ఫలితాల్లో కనిపించిన సంగతి.

కేంద్రీకరణ వల్ల ఇంకో మేలు జరిగింది. చికిత్సలను పోల్చి చూడటం వీలైంది. వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో వైలీ మెకిసాక్ బృందం 1950ల చివర, 60ల మొదట్లో అప్పటికి ఎవరూ తలపెట్టని పని చేసింది. పగిలిన అన్యూరిజంతో వచ్చిన రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఇంకొక గుంపుకు పడక విశ్రాంతి, మందులు ఇచ్చి ఫలితాలను పోల్చారు. న్యూరోసర్జరీలో ఇలాంటి పరీక్షలకు ఇవే ఆరంభం. 1960లో వెలువడిన ఫలితం ప్రకారం ఒక చోటి అన్యూరిజంకు మెడలో కరోటిడ్ ధమనిని కట్టివేయడం మేలు చేసింది. 1965లో వెలువడిన ఇంకొక పరీక్షలో, నుదుటి వెనుక ఉండే అన్యూరిజంలకు ఆపరేషన్ చేసినా చేయకపోయినా ఫలితంలో తేడా రాలేదు. ఒక సర్జన్ తన చేతి పని వల్ల లాభం కనిపించలేదని అచ్చు వేయడానికి ఎంత నిజాయితీ కావాలో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఆపరేషన్ చేసినా చేయకపోయినా జీతం ఒకటే అయిన వ్యవస్థలో అలాంటి నిజాయితీకి చోటు ఎక్కువ ఉంటుందని కూడా నేను నమ్ముతాను.

అదే అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబర్ 1న ప్రపంచంలో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. యంత్రం ఈఎంఐ సంస్థ ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్‌ది, వైద్యుడు జేమ్స్ ఆంబ్రోస్. హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు తలలో రక్తం ఉందో లేదో తెలుసుకోవాలంటే వెన్నులో సూది గుచ్చి నీరు తీసి చూడటమే మార్గం. రక్తం ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నది ఊహే. ఈ రోజు ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో కొద్ది నిమిషాల్లో తీసే స్కానుకు మూలం అక్కడ ఉంది. 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీజ్‌డేల్, బ్రయాన్ జెనెట్ తయారుచేసిన స్పృహ కొలమానం కూడా ప్రాంతీయ విభాగాల అవసరం నుంచి వచ్చినదే. ఫోనులో "రోగి మగతగా ఉన్నాడు" అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. పదిహేనుకు ఎంత అని అంకె చెబితే వంద కిలోమీటర్ల అవతల ఉన్న సర్జన్‌కూ ఒకేలా అర్థమవుతుంది.

మైక్రోస్కోపుతో మెదడు ఆపరేషన్లు చేసే పద్ధతిని జ్యూరిక్‌లో గాజీ యాసర్‌గిల్ 1960ల చివర నుంచి అభివృద్ధి చేశారు, బ్రిటన్ కేంద్రాలు దాన్ని అందుకున్నాయి. "తల తెరవడం" అన్న మాట వింటే మెదడును కోస్తారేమోనని చాలామంది భయపడతారు కాబట్టి, లోపల జరిగేది కొంచెం చెబుతాను. కణత దగ్గర చిన్న ఎముక ముక్క తీసి, మెదడులో నుదుటి వైపు భాగానికీ కణత వైపు భాగానికీ మధ్య సహజంగా ఉన్న సందును, సాలెగూడు పొరలాంటి ఆ పలుచని పొరను సన్నని కత్తెరతో కొద్దికొద్దిగా విడదీస్తూ ధమని వెంట లోపలికి వెళ్తాము. ముందు రక్తం వచ్చే వైపు ధమనిని గుర్తించి, అవసరమైతే దాని మీద తాత్కాలిక క్లిప్పు వేస్తాము. అప్పటి నుంచి మత్తు వైద్యుడు నిమిషాలు లెక్కపెట్టి చెబుతూ ఉంటారు, ఎందుకంటే ఆ ధమని మీద ఆధారపడిన మెదడు భాగం ఎక్కువసేపు రక్తం లేకుండా ఉండలేదు. బుడగ మెడ అంతా కనిపించాక అసలు క్లిప్పు నోరు దాని మీద మూసుకుంటుంది. తరువాత బుడగను సన్నని సూదితో గుచ్చి అది కుంగిందో లేదో చూస్తాము. తాత్కాలిక క్లిప్పు తీసేసి, పక్కనున్న కొమ్మల్లో రక్తం పారుతున్నదని నిర్ధారించుకున్నాకే పని పూర్తయినట్టు. ఇందులో మెదడు కోసే పని దాదాపు ఉండదు.

ఆపరేషన్ ఒక్కటే చాలదని కూడా బ్రిటన్ కేంద్రాలే గట్టిగా నిరూపించాయి. రక్తస్రావమైన నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు మెదడు ధమనులు బిగుసుకుపోయి, క్లిప్పు బాగానే పడ్డ రోగికి కూడా పక్షవాతం రావచ్చు. 1989లో ప్రచురితమైన ఈ హానిని తగ్గించే నిమోడిపిన్ అనే మందు మీద బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో 554 మంది రోగులను చేర్చారు. మందు తీసుకున్నవారిలో మెదడు భాగం చచ్చుబడటం నూటికి 22 మందికి కనిపిస్తే, తీసుకోనివారిలో 33 మందికి కనిపించింది. నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, 21 రోజులు అన్న మోతాదును ఈనాటికీ ప్రపంచమంతా పాటిస్తోంది. మా వార్డులో నేను అన్నిటికన్నా పట్టుదలగా చూసేది ఈ మాత్రనే. మన దగ్గర దొరికేవి ఎక్కువగా 30 మిల్లీగ్రాముల మాత్రలు, అంటే ప్రతిసారీ రెండు. అర్ధరాత్రి, తెల్లవారుజామున నాలుగు గంటలకు వేయవలసినవే తప్పిపోతుంటాయి. అందుకే రోగి దగ్గర ఉండే బంధువు ఫోనులో అలారం పెట్టించే అలవాటు చేశాము. రక్తపోటు పడిపోతే మానేయకుండా, రెండు గంటలకు ఒక మాత్ర చొప్పున విడదీసి ఇస్తాము. లక్షల రూపాయల ఆపరేషన్ ఫలితాన్ని నిలబెట్టేది చాలాసార్లు ఈ చిన్న క్రమశిక్షణే.

ఇక మీ బావమరిది గారు చెప్పిన కాయిలింగ్ సంగతి. ఇటలీకి చెందిన గైడో గుగ్లియెల్మీ అమెరికాలో పనిచేస్తూ, కావలసిన చోట విడిపోయే ప్లాటినం కాయిల్‌ను తయారుచేశారు. 1990లో దాన్ని మొదట రోగికి వాడారు. గజ్జ దగ్గర ధమనిలోకి గొట్టం పంపి, మెడ మీదుగా మెదడులోని బుడగ దాకా తీసుకెళ్ళి, లోపల చుట్టలు చుట్టి నింపేస్తారు. చాలా దేశాలు దీన్ని ముందు వాడేసి తరువాత వాదించుకున్నాయి. బ్రిటన్ మాత్రం దాన్ని పరీక్షకు పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ రేడియాలజిస్టు ఆండ్రూ మోలినో, సర్జన్ రిచర్డ్ కెర్ నడిపిన, క్లిప్పునూ కాయిల్‌నూ పోల్చిన ఐశాట్ అనే పరీక్షలో 2,143 మంది చేరారు, వారిలో ఎక్కువమంది బ్రిటన్ వాళ్ళే. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం ఏడాది తరువాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన రోగులు కాయిల్ గుంపులో నూటికి 23.7, క్లిప్పు గుంపులో 30.6. ఆ తేడా చూసి పరీక్షను ముందుగానే ఆపారు. కొద్ది ఏళ్ళలోనే బ్రిటన్‌లో కాయిలింగ్ ప్రధాన చికిత్స అయింది. సర్జన్లు తమ చేతిలోని పనిని ఇంకొక శాఖకు అప్పగించడం తేలిక కాదు. ఒకే యజమాని కింద, ఒకే సమావేశంలో సర్జన్, రేడియాలజిస్టు కూర్చుని స్కాను చూసే ఏర్పాటు ఉండబట్టి అది అంత త్వరగా జరిగింది.

అయితే ఆ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం, మీ సందేహానికి జవాబు కూడా అక్కడే ఉంది. ఐశాట్‌లో పరిశీలించిన రోగులు 9,559 మంది. క్లిప్పు, కాయిల్ రెండూ సమానంగా కుదురుతాయని వైద్యులు భావించిన రోగులనే లాటరీలోకి తీసుకున్నారు. చేరినవారిలో మధ్య మెదడు ధమని అన్యూరిజం ఉన్నవారు నూటికి సుమారు 14 మంది మాత్రమే. ఆ చోట బుడగ మెడ వెడల్పుగా ఉండి, కొమ్మలు దాని నుంచే బయలుదేరడం మామూలు. అందువల్ల కాయిల్ నిలవడం కష్టం, తల పక్కన పైకే ఉండటం వల్ల క్లిప్పు వేయడం సులువు. పైగా గడ్డ ఉంటే దాన్ని తీయడానికి ఎలాగూ తల తెరవాలి. మీ చిన్నమ్మ గారి స్థితి సరిగ్గా ఇదే. అదే బుడగ మెదడు వెనుక భాగంలో, బేసిలార్ ధమని కొసన ఉండి ఉంటే నేనే కాయిలింగ్‌కు పంపేవాడిని.

ఆ పరీక్షలో చేరిన బ్రిటన్ రోగులు 1,644 మందిని పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా వెంబడించి చూసిన ఫలితం 2015లో వచ్చింది. పదేళ్ళ తరువాత కూడా కాయిల్ గుంపులోనే స్వతంత్రంగా బతుకుతున్నవారు ఎక్కువ. అయితే మొదటి ఏడాది దాటాక అదే బుడగ మళ్ళీ పగిలినవారు కాయిల్ గుంపులో 13 మంది, క్లిప్పు గుంపులో నలుగురు. అంటే కాయిల్‌కు తరువాత స్కానులతో కాపలా అవసరం. ఇన్నేళ్ళు ఇంతమందిని వెంబడించడం ఎలా వీలైందని మీరు ఆలోచించండి. ప్రతి మనిషికీ పుట్టినప్పటి నుంచి ఒకే ఆరోగ్య సంఖ్య, ఒకే వ్యవస్థలో రికార్డు ఉంటాయి. మా దగ్గర క్లిప్పు వేయించుకున్న మనిషి మొదటి పరీక్షకు వస్తారు, రెండో పరీక్షకు కొందరు వస్తారు, తరువాత పనుల కోసం బెంగళూరుకో హైదరాబాదుకో వలసపోతారు, ఫోను నంబరు మారిపోతుంది. అయిదేళ్ళ తరువాత ఆ మనిషి ఎలా ఉన్నారో మాకు తెలిసే మార్గం లేదు.

మిగిలిన రక్తనాళ చికిత్సలను త్వరగా చెబుతాను. మెడలో పూడుకుపోయిన కరోటిడ్ ధమనికి 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో చేసిన ఆపరేషన్ ప్రసిద్ధం. 1991లో వచ్చిన యూరోపియన్, అమెరికా పరీక్షలు తీవ్రంగా పూడుకున్నవారికే దాని లాభమని తేల్చాయి. ధమనులు, సిరలు ముడిపడిన ఏవీఎం అనే జబ్బుకు కోత లేకుండా రేడియేషన్ కిరణాలతో చేసే గామా నైఫ్ చికిత్సను షెఫీల్డ్‌లో 1985 నుంచి ఇస్తున్నారు.

మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి విషయం రక్తపోటు వల్ల మెదడు లోపల జరిగే రక్తస్రావం. అన్యూరిజం రోగి ఒకరు వస్తే, రక్తపోటు మాత్రలు మానేసి తలలో నరం చిట్లినవారు ఎందరో వస్తారు. ఎమ్మిగనూరు మగ్గం పనివాళ్ళు, తాడిపత్రి, బేతంచెర్ల బండల పాలిష్ కార్మికులు నలభై ఏళ్ళు కూడా దాటకుండానే ఈ జబ్బుతో మా దగ్గరికి రావడం చూసి చాలా బాధ కలుగుతుంది. "సార్, ఎంతైనా ఫరవాలేదు, ఎకరం అమ్మైనా కడతాము, ఆపరేషన్ చేసి రక్తం తీసేయండి" అని కొడుకులు చేతులు పట్టుకుంటారు. న్యూకాజిల్ సర్జన్ డేవిడ్ మెండెలో నడిపిన స్టిచ్ పరీక్ష 1,033 మంది రోగుల మీద జరిగింది, ఫలితం 2005లో వచ్చింది. ముందుగానే ఆపరేషన్ చేయడం వల్ల మొత్తం మీద లాభం లేదని అది తేల్చింది. చిన్న మెదడులో గడ్డ, నీరు చేరి ఒత్తిడి పెరగడం, పైభాగంలోని గడ్డతో కళ్ళ ముందే స్పృహ తగ్గడం వంటి స్థితులు వేరు, వాటిలో ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. లోతుగా ఉన్న గడ్డకు, అప్పటికే పూర్తి స్పృహ పోయిన మనిషికి చేసే ఆపరేషన్‌తో ఎకరం పోతుంది, మనిషి తేరుకోడు. ఆ మాట కుటుంబానికి కూర్చోబెట్టి చెప్పడానికి నాకు ధైర్యాన్నిచ్చింది ఆ పరీక్షే. ఆపరేషన్ వద్దని చెప్పిన డాక్టరు చేతగాక చెప్పాడని అనుకోకండి.

బ్రిటన్ వ్యవస్థను నేను ఆకాశానికెత్తడం లేదు. వారాంతాల్లో చేరిన రక్తస్రావం రోగులకు చికిత్స ఆలస్యమవుతున్నదన్న విమర్శ అక్కడా ఉంది. మూసుకుపోయిన మెదడు ధమని నుంచి గడ్డను గొట్టంతో లాగే చికిత్స మంచిదని 2015 నాటికే పరీక్షల్లో తేలింది. దాన్ని అందిస్తామని ఇంగ్లండ్ జాతీయ ఆరోగ్య సేవ 2017లో ప్రకటించింది. అయినా శిక్షణ పొందిన రేడియాలజిస్టులు చాలక, చాలా కేంద్రాల్లో అది ఏళ్ళ తరబడి పగటి పూటకే పరిమితమైంది. మరోవైపు లండన్ నగరం 2010లో, సుమారు ముప్ఫై ఆసుపత్రుల్లో చెల్లాచెదురుగా ఉన్న పక్షవాతం అత్యవసర వైద్యాన్ని ఎనిమిది కేంద్రాలకు చేర్చింది, మరణాలు తగ్గాయి. అంబులెన్సు దగ్గరి ఆసుపత్రిని దాటేసి, సరైన ఆసుపత్రికే పోయింది.

మన దేశంలో న్యూరోసర్జరీ 1949లో వెల్లూరులో జాకబ్ చాందీతో, 1950లో మద్రాసులో రామమూర్తితో మొదలైంది. సర్జన్ల నేర్పులో మనం ఎవరికీ తీసిపోము. సామాన్యుడికి అది అందడంలో పెద్ద మలుపు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న అది మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మీ అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం లేకపోతే నా రోగుల్లో చాలామంది ఆపరేషన్ గది దాకా వచ్చేవారే కాదు, ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే ఆ పథకం ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది, రోగి నడవవలసిన దారిని మాత్రం వేయదు. బ్రిటన్‌లో జిల్లా ఆసుపత్రి వైద్యుడు ఏ కేంద్రానికి ఫోను చేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది, స్కాను బొమ్మలు రోగికన్నా ముందే చేరతాయి. ఇక్కడ ఆ నిర్ణయం కాజువాలిటీ బయట నిలబడ్డ బంధువులది. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కడప వాళ్ళు తిరుపతి అనాలో వెల్లూరు అనాలో తేల్చుకోలేరు. పెద్దమనిషి ఒకరు ఒకటంటే, బెంగళూరులో పనిచేసే అల్లుడు ఇంకొకటంటాడు. రెండోసారి పగిలే ముప్పు ఎక్కువగా ఉన్న గంటలు ఆ చర్చలోనే గడిచిపోతాయి.

అంతకన్నా ముందే జరిగే ఆలస్యం ఇంకొకటి ఉంది. పత్తికొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు భార్య సంగతి చెబుతాను. వేరుశనగ కట్టె మోస్తుండగా మెడ వెనుక ఎవరో కొట్టినట్టు నొప్పి వచ్చి, వాంతి చేసుకుని కూర్చుండిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎండదెబ్బ అని సెలైన్ పెట్టి సూది వేశాడు. నొప్పి తగ్గినట్టు అనిపించింది. నాలుగో రోజు రెండోసారి పగిలి, స్పృహ లేకుండా మా దగ్గరికి వచ్చింది. క్లిప్పు వేశాము, ప్రాణం నిలిచింది, మాట పూర్తిగా రాలేదు. మొదటి రోజే స్కాను తీసి ఉంటే ఆమె నడిచి ఇంటికి వెళ్ళి ఉండేది. కాబట్టి క్షణాల్లో తారస్థాయికి చేరే తలనొప్పి, జీవితంలో ఎన్నడూ ఎరగనంత నొప్పి, దానితో వాంతి, మెడ పట్టివేత, కాసేపు స్పృహ తప్పడం కనిపిస్తే అదే రోజు సీటీ స్కాన్ తీయించాలి. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు తీసిన స్కానులో రక్తం లేదని అనుభవమున్న రేడియాలజిస్టు చెబితే దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. ఆలస్యంగా తీసిన స్కాను బాగున్నా అనుమానం తీరకపోతే వెన్ను నీటి పరీక్ష చేయాలి. రోజులు గడిచేకొద్దీ స్కానులో రక్తం కనిపించకుండా పోతుంది.

క్లిప్పా కాయిలా అని ఎవరైనా అడిగినప్పుడు నేను చూసేవి బుడగ ఉన్న చోటు, దాని మెడ వెడల్పు, గడ్డ ఉందా లేదా, రోగి వయసు, ఆ ఆసుపత్రిలో ఆ రాత్రి ఆ పని చేయగల మనిషి ఉన్నారా అన్నవి. మన దగ్గర ఖర్చు కూడా వస్తుంది. క్లిప్పు సాధారణంగా ఒకటి చాలు, కాయిల్స్ ఒక్క బుడగకు చాలా పట్టవచ్చు. పథకంలో ఏ చికిత్సకు ఎంత వరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. డబ్బు కారణంగా క్లిప్పు ఎంచుకున్నవారు తక్కువ రకం వైద్యం పొందామని కుంగిపోనవసరం లేదు, సరైన చోటి బుడగకు సరిగా పడిన క్లిప్పు జీవితాంతం నిలుస్తుంది.

మీ చిన్నమ్మ గారి విషయంలో ఇప్పుడు చేయవలసినవి ఇవి. ఆపరేషన్ తరువాత ధమనుల స్కాను తీసి బుడగ పూర్తిగా మూసుకుందో లేదో చూశారేమో అడగండి, తీయకపోతే తీయించండి. రక్తపోటు మాత్ర ఒక్క రోజు కూడా ఆపకూడదు. పొగాకు ఏ రూపంలోనైనా, వక్కాకుతో నమిలేదైనా మానిపించాలి. మతిమరుపు, త్వరగా అలసిపోవడం, ఊరికే ఏడుపు రావడం కొన్ని నెలల పాటు ఉండటం సహజం. ఇంట్లో వాళ్ళు దాన్ని మొండితనమనుకుని విసుక్కోకూడదు. పిల్లలకు, తోబుట్టువులకు స్కాను అవసరమా అని మీరు చివర్లో అడిగారు. రక్తసంబంధీకుల్లో ఇద్దరికి లేదా అంతకన్నా ఎక్కువమందికి ఈ జబ్బు వచ్చి ఉంటే తీయించడం మంచిది, ఒక్కరికే వస్తే అందరికీ తీయనక్కరలేదు. డిశ్చార్జి కాగితాలతో పాటు క్లిప్పు కంపెనీ, రకం రాసిన స్టిక్కరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, కాగితాన్ని కూడా భద్రపరచండి. రేపు మోకాలికో నడుముకో ఎమ్మారై తీయవలసివస్తే, ఆ స్టిక్కరు చూపించాకే ఆమెను యంత్రంలోకి పంపాలి.